కానరాని ఘనములు

నిశ్చలముగా నున్న నీళ్ల తొట్టి యొకటి మీ యెదుట నున్నదనుకొనుడు. గుండ్రని నిమ్మపండు నొకదానిని వ్రేలితో అదిమి పట్టి, మెల్లమెల్లగా నీటిలోనికి ముంచుడు. పండును గాక, నీటి మట్టమును మాత్రమే చూచుచుండుడు. పండు నీటిని తాకినప్పుడు అచ్చట ఒక చుక్క యేర్పడును. పండు దిగినకొలది ఆ చుక్క వలయమై పెరుగును. పండు సగము మునిగినప్పుడు వలయము మిక్కిలి పెద్దదగును. పిమ్మట తరుగుచు తరుగుచు, మరల చుక్కయై మాయమగును.

ఇప్పుడు ఆ నీటి మట్టమే తమ లోకమంతయు నైన ప్రాణులు కొన్ని యున్నవని ఊహింపుడు. వానికి పొడవు తెలియును, వెడల్పు తెలియును. ఎత్తు అనునది యొకటి కలదని వానికి తెలియదు. అట్టి ప్రాణులు నిమ్మపండును ఎన్నటికిని చూడజాలవు. ఎక్కడనుండియో ఒక చుక్క పుట్టినదనియు, వలయమై పెరిగి, తరిగి, నశించినదనియు మాత్రమే అవి చెప్పుకొనును. చుట్టును తిరిగి వచ్చిననే గాని అది వలయమనికూడ వానికి తెలియదు. అయినను, వానిలో ఒక బుద్ధిశాలి ఆ వలయములన్నిటిని క్రమముగా గీచి పెట్టుకొని, ఇవి వేరు వేరు వస్తువులు కావు, ఒక్క వస్తువు యొక్క ముక్కలే అని గ్రహించినయెడల, ఆ ప్రాణి నిమ్మపండును చూడకయే తెలిసికొన్నట్లు గదా! ఇట్టి చదునులోకపు కథ నొకదానిని ఎడ్విన్ అబట్ అను ఇంగ్లండు ఉపాధ్యాయుడు 1884లో చిన్న పుస్తకముగా వ్రాసి ప్రకటించెను.

మనకు పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు పరిమాణములు తెలియును. ఈ మూటికిని లంబముగా నాలుగవ దిక్కు ఒకటి యున్నదని తలంచి, ఆ దిక్కున కూడ విస్తరించిన ఘనము లెట్లుండునో గణితశాస్త్రజ్ఞులు విచారించిరి. అట్టి ఘనమును మనము చూడజాలము. కాని అది మన లోకముగుండ సాగిపోయినచో దాని ముక్కలు మనకు కనబడును. కళాశాలలో అడుగిడి గణితము చదువని యొక స్త్రీ, ఆ ముక్కలను ఒక్కొక్కటిగా మనసున చూచి, అట్టను కత్తిరించి చేసి, వరుసగా పేర్చి పెట్టెను. ఆమె పేరు ఆలిసియా బూల్ స్టాట్.

ఆలిసియా 1860వ సంవత్సరము జూను 8వ తేదీన ఐర్లండు దేశమందలి కార్క్ నగర ప్రాంతమున జన్మించెను. ఆమె తండ్రి జార్జి బూల్. ఆయన ఇంగ్లండులో లింకన్ పట్టణమున ఒక చెప్పులు కుట్టువాని కుమారుడుగా పుట్టి, గురువుల ప్రాపు లేకయే గణితమును సాధించి, కార్క్ నగరమందలి క్వీన్స్ కాలేజిలో ఆచార్యుడయ్యెను. ఆలోచనలను కూడ లెక్కలవలె అక్షరములతో గుణింపవచ్చునని ఆయన చూపెను. ఇప్పటి కంప్యూటరులు పనిచేయు తర్కమునకు ఆయన పేరే నిలిచియున్నది.

తల్లి మేరీ ఎవరెస్టు. ఈ పేరు మీరెరిగినదే. భారతదేశపు సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జి ఎవరెస్టు ఆమెకు స్వయముగా పెదతండ్రి. ఆయన 1818లో హైదరాబాదు చేరి, లాంబ్టన్ దొరకు సహాయుడై, కృష్ణా గోదావరుల నడిమి అడవులలో భూమిని కొలుచుచు విషజ్వరము పాలయ్యెను. ఆరోగ్యము కుదుటపడుటకై ఆయన సముద్రము దాటి గుడ్ హోప్ అగ్రమునకు పోవలసివచ్చెను. హిమాలయములలోని అత్యున్నత శిఖరమునకు 1865లో పెట్టిన పేరు ఆయనదే. పోరాని చోట్లను త్రిభుజములు గీచి దూరమునుండియే కొలుచుట ఆయన వృత్తి. ఆయన వంశపు బాలిక అంతకంటెను పోరాని చోటును కొలువబూనెను.

ఆలిసియాకు నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. 1864 నవంబరులో జోరున కురియు వానలో బూల్ ఇంటినుండి కాలేజివరకు నడచిపోయి, తడిసిన బట్టలతోనే పాఠము చెప్పెను. జ్వరము తగిలెను. డిసెంబరు 8వ తేదీన ఆయన మరణించెను. మేరీ ముప్పది రెండేండ్ల వయసున వితంతువయ్యెను. ఆమెకు అయిదుగురు ఆడపిల్లలు. కడగొట్టు బిడ్డకు ఏడాదియైన నిండలేదు. ఆమె లండనుకు పోయి, స్త్రీల కళాశాల యొకదానిలో గ్రంథాలయపు పని సంపాదించుకొనెను. ఆలిసియాను మాత్రము కార్క్‌లోనే అమ్మమ్మ కడను, తల్లి మేనమామ కడను విడిచిపోవలసివచ్చెను. కొన్నియేండ్లకు అక్కచెల్లెండ్రందరు తల్లి చెంతకు చేరిరి. వారు చేరిన యిల్లు చీకటిగను, మురికిగను, సౌఖ్యమేమియు లేనిదిగను ఉండెను.

ఆ యింటిలో ధనము లేదుగాని ఆలోచన యుండెను. పిల్లలకు గణితమును చేతిపనివలె నేర్పవలెనని మేరీ నమ్మకము. అట్టముక్క అంచులలో రంధ్రములు పొడిచి, దారమును ఒక రంధ్రమునుండి మరియొక రంధ్రమునకు తిన్నగా కుట్టించెడిది. దారములన్నియు తిన్ననివే. అయినను కుట్టు పూర్తియగునప్పటికి వాని నడుమ చక్కని వంపురేఖ యొకటి తేలుచుండెను. గీయని రేఖ కంటికి కనబడుట పిల్లల కొక వింత. ఇది తప్ప ఆలిసియాకు క్రమమైన గణితవిద్య లేదు. యూక్లిడు జ్యామితిలో మొదటి రెండు భాగములు, అంతే. కాలేజికి పంపుటకు ఇంటిలో సొమ్ము లేకుండెను.

ఆ కాలమున వారి యింటికి వచ్చిపోవువారిలో చార్లెస్ హోవర్డ్ హింటన్ అను యువకుడొకడు. అతడు బడిపంతులు. తరువాత 1880లో పెద్దక్క మేరీ ఎల్లెన్‌ను వివాహమాడెను. అతని ధ్యాసయంతయు నాలుగవ పరిమాణము మీదనే. అభ్యాసము చేసినచో మనుష్యుని మనసు నాలుగవ దిక్కును కూడ చూడగలదని అతడు నమ్మెను. అందుకై రంగులు పూసిన చిన్న చిన్న కొయ్య సమఘనములను కుప్పలుగా చేయించి, ప్రతిదానికిని ఒక లాటిన్ పేరు పెట్టి, వానిని కంఠస్థము చేయించెడివాడు. ముమ్మూడు వరుసలుగా 27 ఘనములు పేర్చిన ఒక పెద్ద దిమ్మ యగును. అట్టి దిమ్మలు మూడు, అనగా 81 ఘనములు, నాలుగు పరిమాణముల దిమ్మ యొక్క మూడు పొరలు. ఈ పొరలను మనసులో ఒకదానిపై నొకటి ఎత్తుగా గాక, మనకు కానరాని దిక్కున పేర్చుకొనవలెను!

పదునెనిమిదేండ్ల ఆలిసియా ఆ కొయ్యముక్కలతో కూర్చుండెను. కొలది కాలములోనే గురువును మించెను. పేర్లు వల్లించుటతో ఆమెకు పనిలేదు. ఆ ఘనములు ఒకదానితో నొకటి ఎట్లు కలియునో, ఎచ్చట కోసిన ఎట్టి ముక్క వచ్చునో ఆమె మనసున కట్టినట్లు కనబడుచుండెను. హింటన్ తరువాత జపానుకును, అటుపై అమెరికాకును పోయెను. 1888లో అతని గ్రంథ మొకటి లండనులో వెలువడినప్పుడు దానిని సిద్ధపరచిన ఇద్దరిలో ఆలిసియా యొకతె.

ఆమె చూచినది యెట్టిదో కొంత తెలిసికొందము. నిమ్మపండునకు మారుగా ఒక కొయ్య సమఘనమును నీటిలో ముంచుడు. ముఖము క్రిందికుండునట్లు ముంచినచో నీటి మట్టమున ఒక్కసారిగా చతురస్రము పుట్టి, మార్పులేక నిలిచి, ఒక్కసారిగా మాయమగును. ఒక మూల క్రిందికిని, దాని కెదురు మూల సరిగా పైకిని ఉండునట్లు పట్టి ముంచుడు. మొదట చుక్క, తరువాత త్రిభుజము. త్రిభుజము పెరిగి పెరిగి దాని కొనలు తెగిపోవును. నట్టనడుమ సరియైన షడ్భుజి ఏర్పడును. పిదప మరల త్రిభుజము, చుక్క, శూన్యము. చతురస్రములు తప్ప వేరు ముఖములు లేని కొయ్యముక్క కడుపులో షడ్భుజి దాగియున్నదని ఎవరనుకొందురు?

నాలుగు పరిమాణముల సమఘనమునకు హింటన్ టెస్సరాక్ట్ అని పేరు పెట్టెను. దానికి హద్దులు చతురస్రములు కావు, ఎనిమిది సమఘనములు. అది ముఖముతో మన గదిలోనికి దిగినచో, శూన్యమునుండి ఒక సమఘనము హఠాత్తుగా పుట్టి, కొంతసేపు నిలిచి, హఠాత్తుగా పోవును. మూలతో దిగినచో మొదట చుక్క, తరువాత నాలుగు త్రిభుజముల చతుర్ముఖి. చతుర్ముఖి పెరిగి దాని కొనలు తెగును. నడుమ ఎనిమిది త్రిభుజముల అష్టముఖి యగును. ఆ మీద వచ్చిన త్రోవనే తరుగును. ఈ వరుసను ఆలిసియా ఎవరును చెప్పకయే కనుగొనెను.

అంతటితో ఆమె ఆగలేదు. అన్ని ముఖములును, అన్ని మూలలును సమానముగా నుండు క్రమఘనములు మన లోకమున అయిదే కలవని యవనులు ఏనాడో నిరూపించిరి. నాలుగు పరిమాణములందు అట్టివి ఎన్ని? ఇందులకు లెక్క కష్టము కాదు, ఊహ కష్టము. అట్టతో చేసిన చతుర్ముఖులను ఒకే అంచు చుట్టును చేర్చి పెట్టుడు. ఒక్కొక్కటి ఆ అంచు వద్ద సుమారు 70½ డిగ్రీల కోణము నాక్రమించును. మూడు పట్టును, నాలుగు పట్టును, అయిదును పట్టును. అయిదింటి తరువాత ఏడు డిగ్రీలకు మించి సందు మిగులును. ఆరవదానికి చోటు లేదు. ఆ సందును మూయవలెనన్నచో నాలుగవ దిక్కునకు మడవవలెను. చదునైన అట్టలో సందు కోసి, అంచులు కలిపి మడచిన గిన్నెవలె లేచునుగదా, అట్లే. సమఘనములు మూడు పట్టును. నాలుగు పెట్టిన సందు మిగులదు, కావున మడత లేదు. అష్టముఖులు మూడు పట్టును. పంచభుజుల ద్వాదశముఖులు మూడు పట్టును. ఇరువది ముఖముల ఘనములు మూడుకూడ పట్టవు. ఇట్లు మూడు, ఒకటి, ఒకటి, ఒకటి, మొత్తము ఆరు. అవి 5, 16, 600 చతుర్ముఖులతోను, 8 సమఘనములతోను, 24 అష్టముఖులతోను, 120 ద్వాదశముఖులతోను ఏర్పడిన ఆరు ఘనములు. ఈ ఆరింటిని ఆలిసియా తన త్రోవన తానే కనుగొనెను. ఇట్టి ఘనములకు పాలిటోప్ అను పేరును ఆంగ్లభాషలోనికి తెచ్చినది ఆమెయే.

కాని అవి అంతకు పూర్వమే కనుగొనబడినవి. ష్లెఫ్లి అను స్విట్జర్లండు పండితుడు సుమారు 1850 నాటికే వానిని లెక్కించియుండెను. అతని గ్రంథము పూర్తిగా అచ్చైనది 1901లో, అతడు చనిపోయిన తరువాత. ఈ సంగతి ఆలిసియా యెరుగదు. ఎరిగించు గ్రంథాలయము గాని, గురువు గాని, స్నేహితుడు గాని ఆమెకు లేకుండిరి.

1890లో ఆమె వాల్టర్ స్టాట్ అను నతనిని వివాహమాడెను. అతడు భీమా లెక్కలు కట్టు ఉద్యోగి. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. సంపాదన స్వల్పము, ఇంటిచాకిరి అంతయు ఆమెదే. వంట, బిడ్డలు, బట్టలు, వీనినడుమ దొరకిన కొలది తీరిక సమయమున ఆమె అట్ట కత్తిరించెడిది. ఆరు ఘనములను ముక్కలు ముక్కలుగా కోసినట్లు తలంచి, ఒక్కొక్క ముక్కను కొలిచి, గీచి, కత్తిరించి, మడచి, అంటించి, రంగు వేసెడిది. బీజగణిత సూత్రములు ఆమెకు తెలియవు. వృత్తలేఖినియు, కొలబద్దయు, కన్ను మూసికొన్నను చూడగల ఆ చూపును మాత్రమే ఆమె సాధనములు. 600 చతుర్ముఖుల ఘనమును మూలనుండి దింపినప్పుడు చుక్క పిమ్మట ఇరువది ముఖముల ఘనము తోచును. అచ్చటినుండి మధ్యభాగమువరకు ఒక్కొక్క ముక్కయు వెనుకటిదానికంటె చిక్కైనది. ఆ వరుసనంతయు అట్టలో నిలిపిన ఓర్పు ఎట్టిదో, చేతితో ఒక్క ద్వాదశముఖి నైనను చేసి చూచినవారికి గాని తెలియదు.

ఒకనాడు భర్త ఆమె కొక వార్త తెచ్చెను. హాలండు దేశమున గ్రోనింగెన్ విశ్వవిద్యాలయములో పీటర్ హెండ్రిక్ స్కౌటె అను ఆచార్యుడు ఇవే ఘనముల మధ్యఖండములను గూర్చి 1894లో వ్యాసము ప్రకటించెను. ఆలిసియా ఆ వ్యాసపు పటములను చూచెను. అవి తన బల్లమీద నున్న అట్టముక్కలే! ఆయన దీర్ఘమైన లెక్కలు కట్టి సాధించిన రూపములును, ఈమె మనసున చూచి కత్తిరించిన రూపములును ఏమాత్రము భేదము లేక సరిపోయెను. ఆమె తన నమూనాలకు ఫోటోలు తీయించి ఆయనకు పంపెను. ఆయన వద్దనున్నది మధ్యఖండము మాత్రమే; ఈమె వద్ద మొదటి చుక్కనుండి చివరి చుక్కవరకు ఉండెను.

స్కౌటె నిజమైన పండితుడు. తెలియని గృహిణి యొకతె పంపిన అట్టబొమ్మల ఫోటోలని త్రోసివేయలేదు. వెంటనే ఆమెతో కలిసి పనిచేయ గోరెను. వేసవి సెలవులలో ఇంగ్లండుకు వచ్చి, ఆమెతో చర్చించి, ఆమె కనుగొన్నవానిని ప్రకటింపుమని ప్రోత్సహించెను. ఆమె చూచును, ఆయన లెక్కించును. ఈ స్నేహము ఇరువదియేండ్లకు కొంచెము తక్కువగా సాగెను. 1900లోను, 1910లోను ఆమె గ్రంథములు ఆమ్‌స్టర్డామ్ నగరమందలి రాయల్ విజ్ఞాన పరిషత్తు ప్రచురణలుగా వెలువడెను. రెండవదానిలో, ఒక క్రమఘనమును ఉబ్బించియో, కుదించియో క్రొత్త ఘనములను పుట్టించు ఉపాయమును ఆమె చెప్పెను. పరమ సులభమైన ఆ ఉపాయము అంతవరకు పండితులకు తట్టలేదు.

1913లో స్కౌటె మరణించెను. మరుసటి యేడు గ్రోనింగెన్ విశ్వవిద్యాలయము తన మూడువందల యేండ్ల పండుగ చేసికొనుచు, ఆలిసియాకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. ఆమె నమూనాలను అచ్చట ప్రదర్శించిరి. ఏ కళాశాలలోను విద్యార్థినిగా కూర్చుండని ఆమెకు అది యొక్కటే పట్టము. కాని తన పనిని పంచుకొను మనిషి పోయిన పిమ్మట ఆమె జ్యామితిని విడిచి ఇంటిపనిలో మునిగెను. అదే యేట ఐరోపాలో మహాయుద్ధము వచ్చెను. పదునారేండ్లు ఆమె పేరు ఎచ్చటను వినబడలేదు.

1930లో ఆమెకు డెబ్బదియేండ్లు. అక్క మార్గరెట్ కుమారుడు జాఫ్రీ టైలరు కేంబ్రిడ్జిలో ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడుగా నుండెను. ఆయన తన పినతల్లికి ఒక యువకుని పరిచయము చేసెను. అతని పేరు కాక్సెటర్. వయసు ఇరువది మూడు. అతనికిని ఈ ఘనములే లోకము. వారిద్దరికి నడుమ దాదాపు అర్ధశతాబ్దపు అంతరముండెను. అయినను ఆమె అతనికి ఆలిస్ పిన్నియై, ఇద్దరును కలిసి పనిచేయసాగిరి. కేంబ్రిడ్జిలో జ్యామితి పండితులు కూడు తేనీటి గోష్ఠికి అతడు ఆమెను తోడ్కొని పోయెను. ఆమె తన అట్టనమూనాలను వెంట తెచ్చి, పండితుల యెదుట బల్లపై నుంచి, తరువాత వానిని విశ్వవిద్యాలయమునకే యిచ్చివేసెను. కాక్సెటర్ ఇరువదవ శతాబ్దపు జ్యామితిశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడయ్యెను. ఆలిసియా జీవితమును మనకు దక్కించినది చాలవరకు ఆయన వ్రాతలే.

ఆమె 1940వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన, ఎనుబదియేండ్ల వయసున మరణించెను.

అరువదియేండ్లు గడచినవి. 2001లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమున పెద్ద కాగితపు చుట్ట యొకటి దొరకెను. విప్పి చూడగా రంగులు వేసిన త్రిభుజములు, పంచభుజులు, కత్తిరించి మడచుటకు వీలుగా పరచి గీచిన ఘనముల పటములు ఉండెను. చుట్టమీద ఎవరి పేరును లేదు. చూచినవారు ఆ పటములను పాత గ్రంథములతో సరిపోల్చిరి. అవి నాలుగు పరిమాణముల ఘనములు మన లోకముగుండ దాటిపోవునప్పుడు విడుచు ముక్కలు. వానిని గీచినది ఎవరో తెలిసికొనుటకు పేరుతో అవసరము లేకపోయెను.